ముందే బయల్దేరిన మూట

మా అత్త జబ్బుకు పేరు లేదు. ఆ ఏడాది మా ఇంటిని తినేసింది ఆ పేరు లేకపోవడమే. పొద్దుగూకేసరికి ఆమె ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి చెమటలు పట్టి చల్లబడేది. మెడకు రెండు పక్కలా గోళీకాయలంత గడ్డలు లేచాయి. నొప్పి లేదు కాబట్టి ఏం కాదని అత్త అనేది. నొప్పి లేని గడ్డే మంచిది కాదని ఊళ్ళోవాళ్ళు వచ్చి నా చెవిలో చెప్పిపోయేవారు. రోజూ చూసే నాకే తెలుస్తోంది, మనిషి సగమైపోయింది. జాకెట్లన్నీ నేనే రెండుసార్లు కుట్లు వేసి బిగించాను.

ఇది ఎనభైల నాటి మాట. మా ఊరు దమ్మపేట దగ్గర, అడవి అంచున. ఇంటి వెనక చేను, చేను దాటితే టేకు చెట్లు. మా ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్. నాకు ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. ఇంటికి పెద్ద అత్తే. అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు గానీ, నాకు ఆ పేరు తెచ్చుకునే అవకాశం ఆమె ఎప్పుడూ ఇవ్వలేదు.

అత్త గురించి రెండు సంగతులు ముందే చెప్పాలి. నేను ఆమెకు కోడలి కన్నా ముందు మేనకోడల్ని, ఆమె తమ్ముడి కూతుర్ని. అందుకే మా మధ్య మీరూ గారూ లేవు. పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒకటే గనక తిట్టుకోవడానికి కూడా ఎవరి మొహమాటమూ లేదు. రెండోది, మా ఆయన్ను కన్నది ఈమె కాదు, ఈమె అక్క. ఆ పెద్దత్త వాళ్ళమ్మను ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయి, మంచం కింద చాప పరుచుకుని పడుకుని, నెలపాటు చాకిరీ చేసిందట. ముసలామె లేచి ఇంటికొచ్చింది. పెద్దత్త దగ్గుతో వచ్చింది, ఆ ఏడు దాటలేదు. పాలు మరిచిన పిల్లవాడు మిగిలాడు. వాణ్ణి సాకడానికని చెల్లెల్నే బావకిచ్చి చేశారు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ మాట్లాడుకోం.

సత్తుపల్లి డాక్టరు సూదులు వేసి వేసి విసిగిపోయాడు. ఖమ్మం డాక్టరు ఎక్స్‌రే తీయించి, గడ్డలు తడిమి, పెన్ను కింద పెట్టేశాడు.

"ఇక్కడ తేలదమ్మా. హైదరాబాద్ పెద్ద దవాఖానాకు పోవాలె. గడ్డలకెల్లి ముక్క తీసి చూస్తరు, రక్తం చూస్తరు, ఇంకా శానా చూస్తరు. పోయి వచ్చేద్దామంటే కాదు. రెండు మూడు వారాలు ఉండేటట్టు సర్దుకొని పోండ్రి" అన్నాడు. తర్వాత మా ఆయన్ను పక్కకు పిలిచి ఇంకేదో చెప్పాడు. బయటికొచ్చిన ఆయన ముఖం చూస్తే వేరే చెప్పక్కర్లేకపోయింది. రాచపుండు కావచ్చన్నాడట. ఆ మాట అత్త చెవిన వేయొద్దనుకుని, ఇద్దరం బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అత్తే అడిగింది. "ఏమే, రాచపుండన్నడా?"

"ఏ పుండో చూసేటందుకే గదా రమ్మన్నది. నీకెందుకు తొందర?"

"నాకేం తొందర లేదు. నేను రాను పో. హైదరాబాద్ పోయినోళ్ళు ఎవరు తిరిగొచ్చిండ్రు?"

ఇక మొదలైంది. మా ఆయన బతిమాలాడు, కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషి మా అత్త, ఆయనకు లొంగుతుందా? చివరికి నాకు ఒళ్ళు మండింది. ఎసట్లో బియ్యం పోస్తున్నదాన్ని అలాగే వదిలేసి ఆమె ఎదుటికొచ్చాను.

"సరే, రాకు. ఈడనే పండుకో. పొద్దుకు ఇంత కరిగిపో, మేం కూసోని చూస్తం. పిల్లలు నాయనమ్మ ఏదని అడిగితే మొండితనం తిన్నదని చెప్త!" అని అరిచాను. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి, దాచుకోలేదు.

అత్త పొయ్యిలో కట్టెను లోపలికి తోసి, "తోడెవరొస్తరు?" అంది.

"ఇంకెవరు, నేనే. వానాకాలం, లైన్లు తెగిపడుతుంటే ఆయనకు సెలవెవరిస్తరు? దింపి వచ్చేస్తడు."

"నువ్వొద్దు. ఇంకెవరినన్నా చూడుండ్రి."

పెళ్ళయిన నాటి నుంచి ఈమె తలకు నూనె రాసింది నేను, కాళ్ళు పిసికింది నేను. ఇప్పుడు నా చేతి నీళ్ళు చేదయ్యాయా? ఆ మాటే అన్నాను. ఆమె మాత్రం, "మంచిరోజు చూసుకోకుంటే మాత్రం గడప దాటేది లేదు" అని లేచిపోయింది. వస్తానని ఒప్పుకోవడం మా అత్త పద్ధతిలో అంతే.

ఖమ్మం డాక్టరు తనకు తెలిసిన పెద్ద డాక్టరుకు చెప్పి ఉంచాడు. ఆయన కొత్త రోగులను సోమవారం పొద్దున మాత్రమే చూస్తాడు, అది తప్పితే మళ్ళీ వచ్చే నెల. సోమవారానికి అక్కడుండాలంటే ఆదివారం ఇక్కడ బస్సెక్కాలి. పంతులు పంచాంగం తెరిచి పెదవి విరిచాడు. ఆదివారం పడమటికి శూల. హైదరాబాద్ మాకు పడమరే.

"ఏ పనికి పోయినా శూలకు ఎదురు పోరు. నేను రోగంతోని ఎట్ల పోవాలె పంతులూ?" అని అత్త అరుగు మీద కూలబడింది. నేను పంతులు వంక కొరకొరా చూశాను. బస్సులు ఏ దిక్కుకు ఏ రోజు నడపాలో ఈయన్ను అడిగి నడపాలన్నమాట. నా చూపు తట్టుకోలేకనో ఏమో, పంతులే దారి చెప్పాడు. గురువారం పొద్దున మంచి ఘడియ ఉంది, పరస్థానం పెట్టుకోమన్నాడు.

పరస్థానమంటే ఇప్పటి వాళ్ళకు తెలియదేమో. మంచి ఘడియలో మనిషి కదల్లేకపోతే, ఆ మనిషి కట్టుకునే బట్టొకటి, చారెడు బియ్యం, పసుపు కొమ్ము మూట కట్టి, పోవాల్సిన దిక్కున వేరేవాళ్ళ ఇంట్లో ఉంచుతారు. మూట గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. తర్వాత ఏ వారం పోయినా శూల అంటదు. పోయేటప్పుడు దారిలో ఆ మూట తీసుకుపోవాలి. తిరిగి మన ఇంటికి తేకూడదు, తెస్తే ప్రయాణం చెడినట్టు. వెళ్ళిన పని అయ్యేదాకా ముడి విప్పకూడదు.

"అట్లయితే చీరనే డాక్టరుకు చూపించుకొని రమ్మందాం, మనం ఇంట్ల ఉందాం" అన్నాను. అత్త నన్ను పట్టించుకోకుండా, "ఇద్దరం పోతున్నం. ఇద్దరికి రెండు మూటలు పెట్టొచ్చా?" అని అడిగింది.

"ఒక పైనానికి ఒకటే మూటమ్మా. రోగిది పెట్టు, చాలు" అన్నాడు పంతులు.

ఆ వారమంతా ఇల్లు పెళ్ళివారి విడిదిలా తయారైంది. వచ్చిన ప్రతి మనిషీ ఒక సలహా, ఒక పొట్లం. హైదరాబాద్ నీళ్ళు పడవని ఒకరు, అక్కడి అన్నంలో సున్నం కలుపుతారని ఒకరు. కిరోసిన్ స్టవ్వుకు కొత్త వత్తులు వేయించాం. బియ్యం, కందిపొడి, మామిడి తొక్కు, రెండు చాపలు, చెంబు, దుప్పట్లు, తాడు ఇనప్పెట్టెలో కుక్కాను. తాడెందుకని మా ఆయన అడిగితే, బట్టలారేసుకోవడానికి నీ కరెంటు తీగలు అక్కడ దొరుకుతాయా అన్నాను. ఎక్స్‌రే వంగిపోకుండా పరుపు కింద పెట్టి దాని మీదే పడుకున్నాం. పిల్లలను చూసుకోవడానికి మా అమ్మ పెనుబల్లి నుంచి వచ్చింది. చిన్నది అప్పుడే ఆమె కొంగు పట్టుకుని తిరుగుతుంటే నాకు ఏడుపూ వచ్చింది, కడుపులో మంటా వచ్చింది.

ఆ హడావిడిలో నా కనకాంబరం రంగు నేత చీర కనపడకుండా పోయింది. పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు అమ్మ పెట్టిన చీర అది. కొంగు చివర పొయ్యి నిప్పురవ్వ పడి చిన్న చిల్లి. ఊరు ఊరంతా వచ్చిపోతున్నారు, ఎవరి మీదని పడను? గూట్లో, పెట్టెలో, దండెం మీద, గడ్డివాము దగ్గర కూడా వెతికాను. "నా చీర చూసినవా అత్తా?" అంటే, "నీ చీరలకు నేనేమన్న కాపలానా?" అని ఎగిరింది. ఆ రోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు.

మూట ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పంచాయితీ. ఊరికి పడమట, సత్తుపల్లి రోడ్డు పక్కన ఉన్న మొదటి ఇల్లు టీచరమ్మది. మిషన్ బడిలో పనిచేసి రిటైరైన మనిషి, క్రైస్తవులు. అత్త ఆ ఇంటికి ఏళ్ళ తరబడి పాలు పోసింది. గేటు దగ్గర చెంబు చేతికిచ్చి, వాళ్ళిద్దరూ పాలు విరిగేంతసేపు ముచ్చట్లు పెట్టుకునేవారు. అయినా అడగడానికి నాకే మొహమాటమైంది. మా శూలలూ ఘడియలూ వాళ్ళకెందుకు?

గురువారం పొద్దున అత్త తలుపు దగ్గరగా వేసుకుని ఒక్కతే మూట కట్టింది. పాత తువ్వాల్లో చుట్టి, గట్టిగా రెండు ముళ్ళు వేసి, నా చేతిలో పెట్టింది.

"నా చేతులు వణుకుతున్నయ్. నువ్వే పట్టుకొని కుడికాలు ముందు పెట్టి గడప దాటు. వెనక్కి చూడకు."

"అబ్బో, మోతకు మాత్రం నేను పనికొస్త" అన్నాను గానీ, చెప్పినట్టే దాటాను. అత్త నా వెనకే వచ్చింది.

టీచరమ్మ సంగతంతా విని నవ్వేసింది. "ఇయ్యి వదినా. మూటకు మతమేంది?" అని తీసుకుని, బైబిలు పెట్టుకునే అల్మారాలో పై అరలో పెట్టింది. నేను చెప్పులు వేసుకునేలోపు అత్త ఆమె దగ్గరికి జరిగి ఏదో చెప్పింది. టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. నా వైపు ఒక్కసారి చూసి, అత్త భుజం మీద చెయ్యి వేసింది. రోగం సంగతి చెప్పుకుని ఉంటుందనుకున్నాను.

మేం చేసిన తెలివితక్కువ పని ఆదివారం పొద్దున బయటపడింది. మూటకు దిక్కు చూశాం, ఘడియ చూశాం, తిథి చూశాం. ఆదివారమంటే మాకు శూల. వాళ్ళకు చర్చి. ఈ రెండోది మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. పైగా వర్జ్యం పోయేదాకా కదలనని అత్త అరుగు మీదే కూర్చుంది. తీరా పెట్టె మోసుకుని టీచరమ్మ ఇంటి ముందుకొచ్చేసరికి తలుపుకు ఇంత తాళం. వెనక బస్సు హారన్ కొడుతూ రానే వచ్చింది.

"మూట లేకుంటే నేను ఎక్క" అంది అత్త. రోడ్డు మీద పెట్టె వేసుకుని దాని మీద కూర్చుంది. అది వదిలేసి పోదామని మా ఆయన అనబోతే, "నేను బయల్దేరకుండనే బస్సెట్ల ఎక్కాలెరా?" అని కసిరింది. ఆయన పరుగెత్తి బస్సు ముందు నిలబడ్డాడు. కండక్టరు కిందికి దిగి కేకలు. ఆ బస్సు తప్పితే సత్తుపల్లిలో హైదరాబాద్ బస్సు తప్పుతుంది. అది తప్పితే సోమవారం తప్పుతుంది. సోమవారం తప్పితే ఇంకో నెల, ఆ నెలలో ఈ మనిషి ఉంటుందో ఉండదో.

నేను చీర ఎగ్గట్టి చర్చికి ఉరికాను. లోపల పాట నడుస్తోంది. గుమ్మంలో నిలబడి రొప్పుతున్న నన్ను చూసి పాట ఒక్కొక్క గొంతూ ఆగిపోయింది. ముందు వరసలో టీచరమ్మ లేచి, "అయ్యో నా మతి మండ! మూట!" అని తలకొట్టుకుంది. ఆమె తాళంచెవి వెతుక్కుంటుండగా పాస్టరు గారు, "ఆ తల్లి కోసం ఒక ప్రార్థన చేసి పంపుదాం" అని చేతులెత్తారు.

"చిన్నది చెయ్యుండ్రి అయ్యా, బస్సు పోతది" అన్నాను. నోరు జారిందే గానీ, ఆయన నవ్వుకుని నిజంగానే చిన్నదే చేశారు. ఆమెన్ అనగానే సగం మంది మా వెంట వచ్చేశారు. అంతమంది వచ్చి చుట్టూ నిలబడేసరికి కండక్టరు నోరు మూసుకున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు మా పెట్టె పైకెక్కించారు. టీచరమ్మ మూటను అత్తకు ఇవ్వలేదు, నా ఒళ్ళో పెట్టింది. అత్త కూడా, "అవ్, నువ్వే పట్టుకో. నేలమీద పెట్టకు" అంది. చిన్నది అమ్మమ్మ చంకలోంచి చేతులు చాపి ఏడుస్తోంది. నేను ఆ మూటను పొట్టకు అదుముకుని, అత్తనూ మూటనూ కలిపి మనసులోనే తిట్టుకున్నాను.

పెద్ద దవాఖానాలో మొదటి వారం వరసల్లోనే గడిచింది. ఒక వరస నెత్తురుకు, ఒక వరస ఎక్స్‌రేకు, ఏ వరసలో నిలబడాలో తెలుసుకోవడానికి ఇంకో వరస. "గింత నెత్తురు తీస్తున్నరు, అమ్ముకుంటరా ఏంది?" అని అత్త వాళ్ళ ముందే అడిగేది. మా ఆయన రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. అప్పుడు మొదలుపెట్టింది నా మీద. మంచం కింద చాప పరవబోతే కయ్యిమంది.

"మంచం కింద పండుకోకు! పో, వరండాల గాలి తగిలేకాడ పండుకో."

"నీకు నీళ్ళు కావాలంటే ఎవరిస్తరు?"

"గొంతున్నది గదా, పిలుస్త. పో అంటున్నా!"

నా కంచం దగ్గరికి ఆమె రాదు, ఆమె కంచం నన్ను ముట్టనివ్వదు. ఆమె గ్లాసు ఆమే కడుక్కునేది, చేత్తో గోడ పట్టుకుని నడుస్తూ పోయి మరీ. మూట మాత్రం నా తల కింద పెట్టుకోమంది. చుట్టుపక్కల మంచాల వాళ్ళు చూస్తున్నారు. అత్తాకోడళ్ళకు పడదు కాబోలని గుసగుసలు. కల్లూరు దగ్గర నుంచి భర్తను తెచ్చుకున్న ఒకామె నాకు అక్కడ తోడైంది. ఆమె దగ్గర కూర్చుని కడుపులో ఉన్నదంతా కక్కేసేదాన్ని. పిల్లలను వదిలేసి వస్తే ఈమెకు నేను అంటరానిదాన్నయ్యానా అని.

ముక్క తీసే రోజు వచ్చింది. అంతకు ముందు నుంచీ ముసురు. తాడు మీద బట్టలు ఒక్కటీ ఆరలేదు. అత్తను లోపలికి తీసుకుపోయాక ఆయా బయటికొచ్చి, "ఉతికిన బట్టేదన్నా ఉంటే ఇయ్యమ్మా, మీద కప్పాలె" అంది. నా దగ్గర ఉతికిన పొడి బట్టంటే మూటలో ఉన్నదొక్కటే. పని అయ్యేదాకా విప్పొద్దన్నారు. ముక్క తీయడానికే గదా వచ్చింది, ఇంతకన్నా పని ఏముందనుకుని పళ్ళతో ముడి లాగాను.

తువ్వాలు విప్పితే కనకాంబరం రంగు. కొంగు చివర చిల్లి. చారెడు బియ్యం, పసుపు కొమ్ము, నా కుంకుమ బరిణె. అత్తది ఒక్క పోగు కూడా లేదు.

పొరపాటున పెట్టిందని ముందు అనుకున్నాను. పొరపాటున కుంకుమ బరిణె ఎట్లా పెడుతుంది? గడప దాటించింది నన్ను. మూట మోయించింది నాతో. తల కింద పెట్టించింది నాకు. టీచరమ్మ చూపు కూడా అప్పుడు గుర్తొచ్చింది. ఆయా, "ఏమైందమ్మా, జల్దీ ఇయ్యి" అంటుంటే నేను కప్పుకునే దుప్పటే ఇచ్చేసి, ఆ చీర పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. అత్త మీద నాకు అంత కోపం అంతకు ముందు ఎప్పుడూ రాలేదు, తర్వాతా రాలేదు. ఆమె లోపలి నుంచి వచ్చేదాకా కూడా ఆగలేననిపించింది.

మెడకు కట్టుతో తెచ్చి పడుకోబెట్టారు. కళ్ళు తెరవగానే చీర ముఖం ముందు పెట్టాను.

"ఇదెవరి చీర?"

"నీదే."

"మరి నీదెందుకు పెట్టలే? రోగివి నువ్వా, నేనా?"

"అరవకు. అందరు చూస్తున్నరు." గొంతు సరిగ్గా రావడం లేదు, అయినా చెప్పింది. "మా అమ్మను ఖమ్మం తీసుకపోయినప్పుడు గూడ పరస్థానం పెట్టిండ్రు. మా అమ్మ చీర పెట్టిండ్రు. మా అమ్మ తిరిగొచ్చింది. అక్కకు ఎవ్వరు పెట్టలే. రోగికి అందరు పెడ్తరే, తోడు పోయేదానికి ఎవరు పెడ్తరు?"

నేను మంచం అంచున కూర్చున్నాను.

"ఒకటే మూటన్నడు పంతులు. నాది ఎట్లయితే అట్లాయె. నీకేమన్న అయితే నీ పిల్లలను సాకనీకె నీకు చెల్లె గూడ లేదు" అంది.

నేను ఆ చీర ముఖానికి అడ్డం పెట్టుకుని వార్డంతా వినపడేటట్టు ఏడ్చాను. గుసగుసలాడినవాళ్ళు వచ్చి నా వీపు నిమిరారు, ఎందుకేడుస్తున్నానో తెలియకపోయినా. ముదనష్టపుదానా, నీకు మూట లేకుండా చేసుకుంటావా అని ఆమెను తిట్టాలని ఉంది. తిట్టలేదు. ఆమె పెదాల మీద తడిగుడ్డతో అద్దుతూ కూర్చున్నాను. ఆ ఒక్కరోజు నా చెయ్యి ఆమె తోసెయ్యలేదు.

ముక్క సంగతి వచ్చే సోమవారం చెబుతామన్నారు. మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి, మంచిదైతే అదే రోజు పంపించేస్తారట. మంచిది కాకపోతే ఏం చేస్తారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సోమవారం అన్న మాట నా తలలో తిరుగుతూనే ఉంది. మా ఊరు తూర్పున. సోమవారం తూర్పుకు శూల.

నేను నమ్ముతానా? ఇప్పటికీ చెప్పలేను. కానీ ఈమె పేరు మీద ఒక్క మూట కూడా ఎక్కడా లేదన్న ఆలోచన నన్ను నిలవనివ్వలేదు. ఇంటి నుంచి నేను బయల్దేరాను, నేను తిరిగిపోతాను. ఈమె అసలు బయల్దేరనేలేదు. అట్లాంటప్పుడు ఈమె తిరిగిరావడం ఎట్లా?

ఆదివారం పొద్దున అత్త నిద్రలో ఉండగా, ముసురు వెలిశాక ఆరేసి పెట్టెలో పెట్టిన ఆమె ఆకుపచ్చ చీర తీశాను. డబ్బాలో మిగిలిన బియ్యం చారెడు, నా మూటలోని పసుపు కొమ్ము పెట్టి, అదే తువ్వాల్లో కట్టాను. పంతులు లేడు, పంచాంగం లేదు. పొద్దు పొడుస్తోంది, అంతకన్నా మంచి ఘడియ నాకు తెలియదు. కల్లూరామె దవాఖానాకు తూర్పు పక్క సందులో ఒక గది కిరాయికి తీసుకుంది. తూర్పు ఏదని ఎండను చూసి మరీ ఖాయం చేసుకుని, కుడికాలు ముందు పెట్టి వార్డు గడప దాటాను. వెనక్కి చూడలేదు.

కల్లూరామె మూట చూడగానే ఏమీ అడగలేదు. రెండు చేతులా అందుకుని, దేవుడి పటం పక్కన పెట్టి, "పోయి కూసో చెల్లె, నేను చూసుకుంట" అంది.

సోమవారం డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు పిల్ల, నవ్వు ముఖం. ఆ నవ్వు అందరికీ నవ్వేదా, మాకేనా అని నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

"రాచపుండు కాదు పెద్దమ్మా. టీబీ, గడ్డలకొచ్చింది. మందులు నెలల తరబడి మింగాలె. బాగైందని మధ్యలో మానొద్దు. మానకుండ వాడితే తగ్గిపోతది."

నేను మంచం కోడు పట్టుకున్నాను. అత్త మాత్రం ఇంకా ఆమెను వదల్లేదు. "టీబీ అంటే అంటురోగమే గదా బిడ్డా. నా కోడలు నా పక్కనే ఉన్నది ఇన్నొద్దులు. దానికి అంటుకుంటదా?"

"ఊపిరితిత్తుల్లో ఉంటే అంటుకునేది. ఎక్స్‌రేల చూసినం, నీకక్కడ లేదు. ఇది అంటుకోదు."

"నిజంగనా?"

"నిజంగ."

అప్పుడు ఏడ్చింది మా అత్త. రాచపుండేనా అని అడిగిన రోజు ఏడవలేదు, మెడ కోసిన రోజు ఏడవలేదు. నా చెయ్యి లాక్కుని కళ్ళకద్దుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె అక్క కోసం కూడా ఆ రోజే ఏడ్చిందనుకుంటాను.

డాక్టరమ్మ వెళ్ళాక ముక్కు తుడుచుకుని, వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ముఖం వాడిపోయింది.

"ఇయ్యాల సోమారం గాదే? తూర్పుకు శూల. రేపటిదాక ఈడనే పడి ఉండాలె."

"అవసరం లేదు" అన్నాను చాప చుడుతూ. "నువ్వు నిన్ననే బయల్దేరినవ్."

అర్థం కానట్టు చూసింది. పెట్టె వైపు చూసింది. మూట ఉండాల్సిన చోటు చూసింది. నా ముఖం చూసింది.

"ఏ చీర పెట్టినవే?"

"ఆకుపచ్చది."

"ఓసి నీ దుంపతెగ! అది నా మంచి చీరే! పాతది దొరకలేదా నీకు?" అని తిడుతూనే, నా భుజం పట్టుకుని మంచం దిగి, కుడికాలు ముందు నేల మీద పెట్టింది.